భాను బల్ల తీయించను

గరాచర్మ

చి. చంద్రమౌళికి, ఇల్లు కాలిపోలేదు. ఫోనులో నన్ను మాట్లాడనివ్వవు కనుక కార్డు. ఇల్లు తగలబడుతుంది, చదువు పాడవుతుంది, నీ కూతురి ఎలక్ట్రానిక్స్ బల్ల తీయించమన్నావు. తీయించను. ఈ దీవి ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా భాను విడిభాగాలన్నీ బియ్యం డబ్బాలో దాచింది. మొన్న అన్నంలో ఒకటి నా పంటికి తగిలింది, సరిగా ఉడకలేదు. నిన్న ఎమర్జెన్సీ లైటుకి బ్యాటరీ తీగలు తారుమారుగా అతికించింది, వెలగలేదు. "గల్తీ నాదే నానమ్మా" అని టంకం కరిగించి, విప్పి, మళ్లీ అతికించింది. వెలిగింది. తన తప్పు తానే ఒప్పుకుని విప్పే మనిషిని మీ వంశంలో ఇప్పుడే చూశాను. పక్కింటి పెద్దబ్బాయి వైజాగ్ నుంచి ఓడలో వస్తున్నాడట. అతని చేత భానుకి మంచి టంకం తీగ, నాకు చింతపండు పంపు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? కోడలికి ఆశీస్సులు. నీకు, టంకం తీగ అందాక.

అమ్మ