చల్లారిన శాంపిల్

12 మే 2003
నలభై ఆరు డిగ్రీలు. నల్లపాడు దగ్గర సబ్‌స్టేషన్‌లో ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ టెస్ట్. మిర్చి కోల్డ్ స్టోరేజీల లోడంతా దాని మీదే. రేడియేటర్ల మీద తడి గోతాలు కప్పారు, జ్వరానికి తడిగుడ్డ వేసినట్టు. మధ్యాహ్నం రెండింటికి శాంపిల్ పట్టాను. బాటిల్‌తో చెయ్యి కాలింది. అక్కడే టెస్ట్ కిట్‌లో పోశాను. యాభై రెండు కిలోవోల్టులు తట్టుకుంది. ముప్పై ఉంటే చాలు. బాగుందని రాసి సంతకం పెట్టేశాను.

ఆపరేటర్ సాల్మన్ ఊరుకోడే! పాత ఇంజనీర్ గౌస్ బాషా గారు నూనె చల్లారాకే టెస్ట్ చేసేవారట. తేమ పీల్చే సిలికా జెల్ నీలం పోయి గులాబీ రంగుకొచ్చిందట, అంటే తేమ చేరినట్టేనట. డిప్లొమా చదివింది నువ్వా నేనా అన్నాను. తల దించుకున్నాడు. ఇరవై ఏళ్ళ సర్వీసు మనిషి. ఎండ నా నెత్తికెక్కినట్టుంది.

13 మే
నలభై ఏడు.

15 మే, సాయంత్రం 5
సాల్మన్ మాట గుచ్చుతూనే ఉంది. ఆఫీసు ఏసీ గదిలో మూడు రోజులుగా చల్లారిన మిగతా శాంపిల్‌లో కొంత టెస్ట్ చేశాను. పంతొమ్మిది. మళ్ళీ చేశాను. పద్దెనిమిది. అదే నూనె!

వేడిగా ఉన్నప్పుడు నీళ్ళు నూనెలో కరిగి దాక్కుంటాయి. చల్లారితే బయటపడతాయి. లోపల కాయిల్‌కి చుట్టిన కాగితమంతా ఆ నూనెలోనే నానుతోంది. నడిచినంత సేపూ ఏమీ కాదు. ఆగి, చల్లబడి, మళ్ళీ ఆన్ చేస్తేనే ప్రమాదం.

ఫోన్ ఎత్తాను. పెట్టేశాను. నువ్వే రైటని సాల్మన్‌తో ఏ మొహంతో చెప్పను? రేపు చెబుతా. రిపోర్ట్ కూడా రేపే మారుస్తా.

16 మే
మధ్యాహ్నం గాలివాన. కరెంటు పోయింది. చల్లబడిందని ఊరంతా హమ్మయ్య అనుకుంది. నాకు మాత్రం చెమటలు. సబ్‌స్టేషన్‌కి ఫోన్ ఎంత చేసినా కలవదు. స్కూటీ తీశాను. సగం దారిలో ఉండగానే వీధి లైట్లు వెలిగాయి. రెండు నిమిషాలకే ఆరిపోయాయి. అటువైపు నల్లటి పొగ.

17 మే
ఆన్ చేశాక శబ్దం తేడాగా ఉందని చూడ్డానికి సాల్మన్ దగ్గరికెళ్ళాడట. ట్యాంకు పేలి, మండే నూనె మీద పడింది. ఆసుపత్రి వార్డు బయట అతని భార్య పున్నమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"మీరు సంతకం పెట్టారనే ధైర్యంగా ఆన్ చేశాడమ్మా" అంది.

గొంతులో కోపం కూడా లేదు.

19 మే
సాల్మన్ పోయాడు. తప్పు అతనిదే అంటున్నారు. నా రిపోర్ట్ బాగుంది కదా. మధ్యాహ్నం ఎంక్వయిరీ. మిగిలిన శాంపిల్ వాళ్ళ ముందే టెస్ట్ చెయ్యాలట.

బాటిల్ డాబా మీద ఎండలో పెట్టి వచ్చాను.