రెండో గడి

చిలకలూరిపేట,
జనవరి 9

ప్రియమైన సీతారత్నం గారికి బసవమ్మ నమస్కారాలు.

ఫోన్లో చెప్పుకునే సంగతి కాదు, అందుకే రాస్తున్నాను. బడిలో మీరు గుమాస్తాగా దిగిపోయి పదేళ్లు, నేను అటెండరుగా దిగిపోయి ఏడాది. ఆడిట్ వాళ్లకు ఇప్పుడు గుర్తొచ్చాను! ఇద్దరు పిల్లలతో చాలని కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నందుకు ఇచ్చిన ఇంక్రిమెంటు పొరపాటట. సర్వీసు రిజిస్టరులో నాకు కొడుకు వీరబాబు ఒక్కడే ఉన్నాడట. ముప్ఫై ఏళ్లది లక్షా ఎనభై వేలు తిరిగి కట్టమంటున్నారు. పక్క కళ్లంలో మిరపకాయలు ఆరబోశారు. కళ్లు తుడుచుకుంటూ ఘాటు మీదకు నెట్టేస్తున్నాను. ఏం చేయమంటారు?

మీ బసవమ్మ

సింగరాయకొండ,
జనవరి 17

ప్రియమైన బసవమ్మకి,

దిగులుపడకు. తప్పు ఆఫీసుదైతే, చిన్న ఉద్యోగులకు మాఫీ చేస్తారు. అర్జీ రాసి పంపుతున్నాను. సంతకం పెట్టి ఇచ్చెయ్, చదివి బుర్ర పాడుచేసుకోకు.

నీ సీతారత్నం

చిలకలూరిపేట,
ఏప్రిల్ 2

సీతారత్నం గారికి,

మాఫీ అయింది. వీరబాబు మిఠాయి తెచ్చి, ఉత్తర్వు చదివి వినిపించాడు. “రెండో సంతానం లేకపోయినా పొరపాటున చెల్లించిన సొమ్ము” అని ఉంది. అర్జీలోనూ అదే మాటట. అలా ఎలా రాశారండీ? మీరు రాశారు కదా అని చూడకుండా సంతకం పెట్టాను. నా నాగజ్యోతి మూడేళ్లు బతికింది. మీ ఒళ్లో కూర్చుని స్టాంపు ప్యాడ్‌లో వేళ్లు ముంచి మీ తెల్లచీర పాడు చేసింది. జ్వరంతో పోయింది కానీ, పుట్టకుండా పోలేదు.

ఆ మాఫీ నాకొద్దు. పెన్షన్లో కోసుకోమని రాసిచ్చాను. పేరు తీసేసినవాళ్ల చేతులు పడిపోను!

బసవమ్మ

సింగరాయకొండ,
ఏప్రిల్ 11

ప్రియమైన బసవమ్మా,

ఆ చేతులు ఇవే.

పాప పోయిన ఏడు రిజిస్టరులో ఆ పేరు చూసి ఆఫీసులోనే కూలబడ్డావు. “అమ్మా, అది నా కంట పడనీయకండి” అన్నావు. పాతది చిరిగిందని వంకపెట్టి కొత్త పేజీ రాశాను, పిల్లల పేర్ల దగ్గర రెండో గడి ఖాళీగా వదిలేశాను. మేలు చేశాననుకున్నాను. అర్జీలో నిజం రాస్తే నా పెన్షన్‌కు ఎసరొస్తుందని భయపడ్డాను. నీ ఉత్తరం చదివాక సిగ్గేసింది. నిన్న ఆఫీసుకు వెళ్లి, పేరు తీసింది నేనేనని రాసిచ్చాను. ఏం చేస్తారో చేయనీ.

పాత పేజీ పారేయలేకపోయాను, ఇన్నేళ్లూ నా పెట్టెలో ఉంది. నకలు వాళ్లకిచ్చి, అసలుది నీకు పంపుతున్నాను. రెండో గడిలో పేరు పక్కన ఊదారంగు మరక ఉంటుంది. నేను పేరు రాస్తుంటే పాప పెట్టిన వేలిముద్ర అది.

నాకు మాత్రం మాఫీ అడగను.

సీతారత్నం