రిలీవర్ వచ్చేదాకా

జూన్ 2

సామాను దిగింది. పుస్తకాల పెట్టెలు పదకొండు, మంచం ఒకటి, నేనొక్కదాన్ని. కూకట్‌పల్లి ఫ్లాట్లో ఆరేళ్లున్నా పక్కింటివాళ్ల పేరేమిటో తెలియలేదు. ఇక్కడ గంటలోపే ఉద్యోగం, ఊరు, పెళ్లి... మూడూ అడిగేశారు. ఉద్యోగం చెప్పాను. కంది క్యాంపస్‌లో లైబ్రరీ, కాంట్రాక్టు. మిగతా వాటికి నవ్వాను. నవ్వితే ఊరుకునే రకం కాదు ఈ గల్లీ. రేపు మళ్లీ అడుగుతారు.

జూన్ 4

పొద్దున్నే కిటికీ తెరిస్తే ఘాటు. కుళ్లిన గుడ్డులాంటి వాసన, మందుల వాసన కలిసి. మూసేయబోయాను. ఎదురింటి అరుగు మీంచి అనసూయమ్మ — "బొల్లారం మందుల కంపెనీల దిక్కు గాలి, మేడం. తొమ్మిదింటికి మళ్లుతది."

తొమ్మిదింటికి నిజంగానే మళ్లింది. ఇక వాతావరణం సంగతి ఫోన్లో చూడను.

జూన్ 7

సెలవు. ఊరు చూడ్డానికి బయల్దేరాను, అదీ కాలినడకన. ఈ కాలనీ గాజు సీసాల కంపెనీవాళ్లది. కంపెనీ మూతపడి చాలా ఏళ్లయింది, ఇళ్లు మిగిలాయి, మనుషులూ మిగిలారు. షెడ్లు మాత్రం ఖాళీగా లేవు. ఒకటి జిమ్ము. ఒకటి ఫ్లెక్సీల దుకాణం. సీసాలు ప్యాక్ చేసిన పెద్ద షెడ్డు ఇప్పుడు ఫంక్షన్ హాలు — తోరణం మీద పెళ్లికూతురి పేరు, దాని వెనక గోడ మీద పాత పెయింటు, 'జాగ్రత్త, పగిలే వస్తువులు'. నడిరోడ్డు మీద నిలబడి పగలబడి నవ్వాను.

బిహార్ కుర్రాళ్ల గదులు, ఒడిశా వాళ్ల వంటలు, మసీదు పక్కనే గౌస్ భాయ్ చాయ్ బండి. చాయ్ చేతికిస్తూ ఆయన అడిగింది ఒక్కటే — "మీది ఏ షిఫ్టు?"

లైబ్రరీకి షిఫ్టు ఉండదన్నాను. ఆయన జాలిగా చూశాడు.

జూన్ 10

షిఫ్టు ఏమిటో అర్థమైంది, పరువు పోయాక.

మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు. నల్లా దగ్గర బిందె పట్టుకుని ముందే వెళ్లి నిలబడ్డాను, తెలివైనదాన్ని కదా. అందరూ నన్నూ బిందెనూ చూశారు, అంతే. చివరికి అనసూయమ్మే — "మీ ఇల్లు బి షిఫ్టు, మేడం. ఏ షిఫ్టోళ్లయి నిండినంక."

కంపెనీలో ఎవరిది ఏ షిఫ్టో ఆ ఇంటికి ఇప్పటికీ అదే షిఫ్టు. మనిషి మారినా, అద్దెకొచ్చినా, ఇంటి షిఫ్టు మారదు. ఇంకో సంగతి కూడా గమనించాను. బిందె నిండగానే నల్లా కట్టి, దాని మీదే చెయ్యి ఉంచి నిలబడతారు, పక్కకు జరగరు. తర్వాతి మనిషి వచ్చి నల్లా మీద చెయ్యి పెట్టి "వచ్చిన" అనాలి. అప్పుడే మొదటి మనిషి చెయ్యి తీస్తుంది, "పోతున్న" అని. నీళ్లు ఒక్క చుక్క నేల మీద పడవు.

నా వంతు వచ్చినప్పుడు "వచ్చిన" అన్నాను. నా నోట్లో కొత్తగా ఉంది. బాగుంది.

జూన్ 15

అనసూయమ్మ ఇంటి బయటి గోడకు నల్ల బోర్డు. సుద్దతో పేర్లు, టైములు, దేనికి ఎవరి వంతు ఎప్పుడో. ఆమె భర్త కంపెనీ టైం ఆఫీసులో గుమాస్తాగా చేసేవాడట. ఆయన పోయాక సుద్దముక్క ఈమె చేతికొచ్చింది. అంతే, గల్లీ మొత్తం ఈమె చేతిలో.

"గాజు కరిగే భట్టీ ఆర్పేది కాదు మేడం. రాత్రి లేదు, పగలు లేదు, పండుగ లేదు. దాని కాడ నిలవడ్డోడు రిలీవర్, అంటె బదులు మనిషి, రాంది కదలొద్దు. కదిలిండా, గాజు గడ్డకట్టె, లైను బందాయె. జ్వరమొచ్చినా గంతే, పిల్ల పుట్టినా గంతే."

భట్టీ లేదు కదా ఇప్పుడు, అన్నాను.

"అలవాటు ఉన్నది కదా," అంది.

జూన్ 21

బోర్డు మీద ఎక్కువ చోటు మల్లేశం కాకది. ఆయన పేరు కాదు, ఆయన దగ్గర కూచునేవాళ్ల పేర్లు. ముప్పై ఏళ్లు భట్టీ దగ్గర నిలబడ్డ మనిషి. బాత్రూంలో జారి తుంటి విరిగింది, ఆపరేషనైంది, మూడు నెలలు మంచం దిగకూడదు. కొడుకు లారీ మీద ఉంటాడు. కోడలు యాదమ్మ బొల్లారంలో మందుల ప్యాకింగ్. అందుకని గల్లీయే షిఫ్టులు వేసుకుంది.

నేనడిగాను. అడక్కుండా ఉండలేను. "నా డ్యూటీ మధ్యాహ్నం రెండింటికి. పొద్దున ఖాళీయే. నా పేరూ రాయండి."

అనసూయమ్మ సుద్ద తీసింది. మంగళ, శుక్రవారాలు, పది నుంచి ఒంటిగంట. నా పేరు రాసింది — 'లైబ్రరీ మేడం'.

పేరు కాదు. అయినా బోర్డు మీదే కదా.

జూన్ 27

కాక మాటకారి. కరిగిన గాజు రంగు ఎట్లా ఉంటుందో చెప్పడానికి అరగంట తీసుకున్నాడు. చివరికి "నువ్వు సూడాలె బిడ్డా, చెప్తె రాదు" అన్నాడు. పేపరు చదివి వినిపించాను. రాజకీయాలకు తిట్లు, క్రికెట్‌కు ఇంకా పెద్ద తిట్లు. ఒంటిగంటకు అనసూయమ్మ వచ్చి మంచం పట్టె మీద చెయ్యి పెట్టింది. వచ్చిన. పోతున్న.

ఈ ఊరు నాకు పట్టుబడుతోంది. నెలన్నా కాలేదు.

జులై 4

రాయాలనిపించడం లేదు. రాస్తాను.

ఒంటిగంటకు అనసూయమ్మ రాలేదు. ఒకటీ పది. ఫోన్ చేస్తే రేషన్ షాపులో ఉందట, వేలిముద్ర పడటం లేదట, "వస్తున్న, అయిదు నిమిషాలు". ఇటు నా బస్సు. కాక కూడా మొదలుపెట్టాడు — "పో బిడ్డా, పో. నేనేడికి ఉరుకుత? ఆమె రానే వచ్చె." ఒకసారి కాదు, నాలుగుసార్లు. గొంతు పెంచి మరీ.

వెళ్లాను.

అయిదు నిమిషాలు ఇరవై అయ్యాయి. ఆయన మంచం దిగబోయాడు. పడ్డాడు. నుదురు చిట్లింది, మోచెయ్యి దోక్కుపోయింది. ఆపరేషన్ చేసిన కాలికి ఏమీ కాలేదని ఎక్స్‌రేలో తేలింది. అదొక్కటే అదృష్టం.

సాయంత్రం అనసూయమ్మ నా గుమ్మంలో. లోపలికి రాలేదు.

"పొమ్మన్నది ఆయనే," అన్నాను.

"భట్టీ పొమ్మంటె పోతవా?"

ఇన్నాళ్లలో మొదటిసారి నన్ను నువ్వు అంది. అట్లాంటి రోజున అంది.

జులై 5

బోర్డు మీద నా పేరు లేదు. చెరిపిన చోట తెల్లటి మరక.

జులై 8

కోపం. నాకు జీతమిస్తున్నారా? నేనేమన్నా ఈ కంపెనీలో పనిచేశానా? ఉద్యోగం ఉన్నదాన్ని, బస్సు తప్పితే మాట పడేది నేను. ఇదంతా అరుగు మీద నిలబడి అరుద్దామనుకున్నాను. నల్లా దగ్గరికి వెళ్తే అందరూ మర్యాదగా జరిగారు. "పట్టుకోండి మేడం." "మీ బిందె పెట్టండి మేడం." తిట్టినా బాగుండేది.

ఆ నువ్వు ఒక్కరోజుదే, మళ్లీ అందరికీ మీరు అయిపోయాను. ఇది కష్టంగా ఉంది. ఉందని ఇక్కడైనా ఒప్పుకుంటాను.

జులై 13

ఆదివారం. ఇల్లు మారదామా అనుకున్నది పది నిమిషాలే. పెట్టెలు పదకొండు మళ్లీ కట్టే ఓపిక లేదు. అది సాకు. నాకు ఇక్కడే ఉండాలని ఉంది. ఈ గల్లీలో నా మాట నమ్మే మనిషి ఒక్కరైనా ఉండాలి. తప్పు చేశాను కాబట్టి చెప్పుకోవాలి. ముందు కాకకు.

జులై 14

వెళ్లాను. యాదమ్మ ఇంట్లోనే ఉంది. చాయ్ ఇచ్చి గిన్నెల దగ్గరికి పోయింది. కాక నుదుటి మీద ప్లాస్టరు.

"తప్పయింది కాకా," అన్నాను.

ఆయన ముఖం గోడకేసి తిప్పుకున్నాడు. యాదమ్మ గిన్నెలు తీసుకుని బయటికి వెళ్లాక గానీ నోరు విప్పలేదు.

"తప్పు నాది. అందర్నీ పో పో అంట. ఎందుకంటవా? ఒంటేలుకు వస్తది. ఆడోళ్లు కూసుంటరు, క్యాన్ అందియ్యమని ఎట్ల అడగాలె? మీరు పోతె నేనే లేసి అందుకుంటనని... గా పొద్దు గట్లనే లేసిన."

ముప్పై ఏళ్లు భట్టీ ముందు నిలబడ్డవాడు ఇంత చిన్న మూత్రం డబ్బా అడగలేక పడ్డాడు. నాకు ఏడుపొచ్చింది. కనపడనివ్వలేదు. ఆయనకు సిగ్గు, నాకు బస్సు తొందర. ఇద్దరం కలిసే ఆయన్ని పడేశాం.

మంచం కింద ఉన్న క్యాన్ తీసి కుడిచేతికి అందేచోట స్టూలు మీద పెట్టాను. దాని మీద తువ్వాలు కప్పాను. "నేను కూచున్నప్పుడు మీరు పేపరు అడగండి. అడిగితే నేను గడపలోకెళ్లి, వీధికేసి తిరిగి చదువుతాను. గట్టిగా చదువుతాను."

ఆయన తువ్వాలు సర్దుకుని — "క్రికెట్ పేజీ వద్దు," అన్నాడు.

జులై 15

అనసూయమ్మ దగ్గరికి వెళ్లి నేరుగా అడిగాను. కాక సిగ్గు సంగతి చెప్పలేదు, అది ఆయనది. నాది మాత్రమే చెప్పాను. "ఆ రోజు నాకు బస్సు ముఖ్యమైపోయింది. ఇంకోసారి అట్లా కాదు."

"మాటలకేం," అంది. బోర్డు వైపు తిరిగింది. సుద్ద తీసుకుంది. తీసుకుని నా చేతికిచ్చింది. "నీ పేరేంది? నువ్వే రాసుకో."

విజయ. శుక్రవారం. పది నుంచి ఒంటిగంట. మంగళవారం ఇవ్వలేదు. ఇప్పటికి చాలు.

జులై 18

పేపరు గట్టిగా చదివాను. వీధిలో పోయేవాళ్లు ఆగి మరీ విన్నారు. గౌస్ భాయ్ "రేడియో పెట్టుకోండి మేడం, జెర సస్తా, చవకల పోతది" అన్నాడు. లోపల కాక నవ్వు వినిపించింది.

జులై 22

క్యాంపస్ నుంచి ఫోన్. కాంట్రాక్టు పొడిగింపు ఇంటర్వ్యూకు పిలుపు. శుక్రవారం మధ్యాహ్నం రెండున్నర, పేర్లు పిలుస్తారు. ఒంటిగంటకు బయల్దేరితే హాయిగా చేరతాను. భయమేమీ లేదు. నాలుగేళ్ల పని చూసినవాళ్లే.

జులై 25

కాక మంచం పక్కన కూచుని రాస్తున్నాను.

12.40. గల్లీ అంతా సదాశివపేట పెళ్లికి పోయింది, అనసూయమ్మతో సహా. ఒంటిగంటకు నన్ను విడిపించేది యాదమ్మ. ఒక పూట సెలవు పెట్టుకుంది.

1.05. రాలేదు. మంచి చీర కట్టుకుని ఉన్నాను, ఫైలు ఒళ్లో.

1.20. యాదమ్మ ఫోన్. వెనక మిషన్ల చప్పుడు. "అక్కా, నా రిలీవర్ రాలే. లైను మీద నేనొక్కదాన్నే ఉన్న. సూపర్‌వైజర్ ఎవర్నన్న తెస్తనంటుండు. ఏం జేద్దు?"

చూద్దాం అన్నాను.

1.35. గౌస్ భాయ్ బండి దాకా చూపు పోయింది. బండి మూసి ఉంది. శుక్రవారం, నమాజు.

1.40. "పో బిడ్డా," అన్నాడు కాక. ఫైలు చూశాడు, చీర చూశాడు. ఈసారి ఒంటేలు కాదు, అది అయింది. ఈసారి నిజంగానే పొమ్మంటున్నాడు. "నౌకరీ ముచ్చట. నేను కదల. ఒట్టు."

నమ్ముతున్నాను. ఆయన కదలడని తెలుసు. అయినా కాళ్లు లేవలేదు.

2.10. ఇక ఆటో దొరికినా లాభం లేదు. క్యాంపస్ ఆఫీసుకు ఫోన్ చేశాను. ఇంకో రోజు ఇవ్వగలరా అంటే అది మా చేతిలో లేదన్నారు. ఎందుకు రాలేకపోతున్నారని అడిగారు.

"నా రిలీవర్ రాలేదు."

"లైబ్రరీలోనా, మేడం?"

"కాదు, మా ఇంటి దగ్గర."

అటువైపు ఏదో రాసుకున్నారు. ఏం రాసుకున్నారో తెలియదు.

2.30. ఇప్పుడు నా పేరు పిలుస్తూ ఉంటారు.

2.45. మళ్లీ యాదమ్మ. ఏడుస్తోంది. "ఇంకెవ్వలు రాలే అక్కా. నీ పని ఖరాబ్ జేసిన. లైను ఇడిసిపెట్టి వస్త, ఏమన్న గానీ."

"కదలకు," అన్నాను.