ఏరివేత

ప్రియమైన అక్కకు,

పందుల గురించి రాస్తే ముక్కు మూసుకుంటావు. ఈసారి మూసుకోకుండా చదువు. పొద్దుటి నుంచి దొడ్లో రక్తం కడిగీ కడిగీ నా చేతులు పడిపోయాయి. మా పెద్ద తల్లిపంది ఈనుతూనే వెనక్కి తిరిగి, పుట్టిన పిల్లల్ని పుట్టినట్టే కొరికి చంపేసింది. ఆపబోతే నా మణికట్టు చీల్చింది. మా ఆయన సమ్మెట తెచ్చి దాని నుదుటి మీద ఒక్కటే వేశాడు. గోడంతా చిందింది.

"ఇది రక్తంలో వచ్చే బుద్ధి. దీని తల్లీ ఇంతే చేసింది. దీని కూతుళ్ళన్నిటినీ ఏరేయాలి, లేకపోతే మంద పాడైపోద్ది" అన్నాడు చేతులు కడుక్కుంటూ. పాలు బాగా ఇచ్చేవాటినీ, పిల్లల మీద ఒరగకుండా చూసుకుని పడుకునేవాటినీ ఉంచుకుని, మిగతావాటిని ఏరేసి, ఇంత మంచి మందను తయారుచేశాడు. ఆ మాట వింటుంటే నా కడుపులో బిడ్డ తన్నింది.

మన అమ్మ సంగతి ఆయనకు తెలియదక్కా. పురిట్లోనే తమ్ముడి మొహం మీద దిండు నొక్కి, వాడు కదలడం ఆగాక నా గొంతు పట్టుకుంది. నువ్వు అమ్మ చెయ్యి కొరికి నన్ను లాక్కుని పరుగెత్తకపోతే ఈ ఉత్తరం రాసేదాన్నే కాదు. నాది అచ్చం అమ్మ పోలికని చుట్టాలంతా మురిసిపోయేవాళ్ళు, గుర్తుందా? తలచుకుంటే ఒళ్ళు మండుతుంది. పురుడు రాగానే బిడ్డను నువ్వు తీసుకెళ్ళిపో. నాకు చూపించను కూడా చూపించకు.

నీ చెల్లి

అక్కా,

నువ్వు బయలుదేరేలోగా ఇది అందాలి. ఆ పంది కూతుళ్ళలో ఒకటి నిండు చూలుతో ఉందని ఈనే దాకా ఆగాం. నిన్న ఈనింది. మొదటి పిల్ల పడగానే, తల్లి లాగే తిరిగి దాని తల నమిలేసింది. మా ఆయన సమ్మెట ఎత్తాడు. నేను అడ్డం పడ్డాను.

"దీన్ని చంపితే నన్నూ చంపు! నేనూ ఇలాంటిదాని కూతుర్నే!" అని అరిచి, అమ్మ సంగతంతా ఆ మురికిలో నిలబడే కక్కేశాను.

ఆయన సమ్మెట దించి, "బుట్ట పట్రా" అన్నాడు. పడిన పిల్లను పడినట్టే దాని నోటికి అందకుండా లాగేశాం. నా మోచేతి దగ్గర కండ ఊడింది, ఆయన చెంప చీలింది. పిల్లల్ని పొయ్యి పక్కన గోనెసంచి కప్పి ఉంచాం. నొప్పులన్నీ ఆగి, నీళ్ళు తాగి, పంది ఒరిగాక ఒకదాన్ని తెచ్చి పొదుగు దగ్గర వదిలాం. అది వాసన చూసింది. మూతితో మెల్లగా దగ్గరికి జరుపుకుంది. తర్వాత అన్నిటికీ పాలిచ్చింది.

"రక్తంలో ఉన్నమాట నిజమే. మళ్ళీ చెయ్యొచ్చు కూడా" అన్నాడు ఆయన. ఓదార్పు కోసం అబద్ధమాడే మనిషి కాదు. "కానీ ఆ కాసేపూ ఎవరైనా పక్కనుండాలి."

ఆ రోజు అమ్మ పక్కన ఎవరున్నారక్కా? నువ్వూ నేనూ, ఇద్దరు పిల్లలం.

నువ్వు తప్పకుండా రా. నా చూపు తేడాగా ఉంటే బిడ్డను లాక్కో. తిట్టినా కొట్టినా ఇవ్వకు. కానీ ఊరు దాటించకు. నేను నెమ్మదించాక తెచ్చి నా పక్కన పడుకోబెట్టి, నువ్వు అక్కడే కూర్చో.

నీ కోసం చూస్తూ,
చెల్లి