రెండో వైపు మూడో పాట

రేపల్లె,
12 జూలై 1987.

ప్రియమైన తమ్ముడు బర్నబాస్‌కి,

ప్రభువు నామంలో వందనాలు. నువ్వు బాపట్ల చేరావనీ, పనిలో కుదిరావనీ ప్రెస్సు యజమాని బసవేశ్వరరావుగారు నాన్నకి కార్డు రాశారు. నీ దగ్గర్నించి మాత్రం ఒక్క ముక్క లేదు. అమ్మ బజారు నుంచి వచ్చేలోపు వెళ్ళిపోయావు. నా మంచం మీద నీ క్యాసెట్ల రేకుపెట్టె, దాని మీద చీటీ: "ఇవి నాకిక పనికిరావు. ఎవరికన్నా ఇచ్చెయ్యి."

ఎవరికివ్వను? రేపల్లె మొత్తంలో ఆ ఇంగ్లీషు పాటలు వినేవాడివి నువ్వొక్కడివే. తెనాలి వీరాస్వామిగారి రికార్డింగు షాపుకి పంపితే వాటి మీదే సినిమా పాటలు ఎక్కించి అమ్మేస్తారు. మనసొప్పలేదు. పెట్టె నా మంచం కిందే ఉంది.

నీ ఊపిరితిత్తుల జబ్బు పూర్తిగా పోయిందని డాక్టరుగారు మళ్ళీ చెప్పారు. ఆ ఇంజెక్షన్లు లేకపోతే నువ్వు దక్కేవాడివి కాదట. కొందరికి అవి చెవులు పోగొడతాయట. నాన్న "దేవుడికి స్తోత్రం, బిడ్డ మిగిలాడు" అంటారు గాని, చెవుల మాట ఎత్తగానే లేచి బయటికి వెళ్ళిపోతున్నారు. పోయినేడు బైబిలు చదివే వేళ నీ టేపురికార్డరు గోడకేసి కొట్టబోయారే, "ఈ దయ్యాల గోల నా ఇంట్లో వద్దు" అని అరిచారే, అది ఆయన్ని తినేస్తోంది. నువ్వూ మరిచిపోలేదని తెలుసు. ఆ తర్వాత నెల తిరక్కుండా నీకు దగ్గు మొదలైంది. మీరిద్దరూ మళ్ళీ సరిగ్గా మాట్లాడుకోనే లేదు. ఇప్పుడు ఆయన మాట్లాడినా నీకు వినపడదు.

ఒక ఉత్తరం రాయరా.

నీ అక్క,
రిబ్కా


బాపట్ల,
26 జూలై 1987.

ప్రియమైన అక్కకి,

చెప్పకుండా వచ్చినందుకు కోపం పెట్టుకోకు. చెబితే మీరంతా ఏదో అంటారు. మీ నోళ్ళు కదలడం చూస్తూ నిలబడాలి. అది నావల్ల కాలేదు.

ఇక్కడ పని నాకు సరిపోయింది. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి వరసగా పేర్చాలి, అన్నీ తిరగేసి ఉంటాయి. మిషను తిరుగుతుంటే మిగతావాళ్ళకి తలనొప్పి, నాకేమీ లేదు. పక్కన దశరథరామయ్యగారని పెద్దాయన ఉన్నారు, ఏది కావాలన్నా చీటీ మీద రాస్తారు. "మేం నిన్ను తమ్ముడూ అని పిలుస్తున్నాం, నీకు తెలియాలి కదా" అని మొదటిరోజే రాసి చూపించారు.

క్యాసెట్ల సంగతి. తెనాలిలో ఇంటర్ చదివేటప్పుడు, బోసు రోడ్డులో వీరాస్వామిగారి షాపు ముందు వాన పడుతుంటే నిలబడ్డాను. ఆయన మద్రాసు నుంచి తెచ్చిన పాత రికార్డు ఏదో పెట్టారు. ఏంటండీ ఇది అంటే, "న్యూ వేవ్ అంటారంట బాబూ, ఇంగ్లండు కుర్రాళ్ళు. ఇక్కడెవడూ కొనడు" అన్నారు. వాన తగ్గాక కూడా కదల్లేదు నేను. అప్పటిదాకా విన్న పాటలన్నీ ఎవరికో పాడినట్టుండేవి. ఇందులోవాడు పెద్దగా ఏడవడు, నవ్వడు. ఖాళీ గదిలో తనలో తను అనుకుంటున్నట్టు పాడతాడు, కింద డ్రమ్ము మాత్రం గెంతుతూ ఉంటుంది. నేనూ అలాగే ఉండేవాణ్ణి అప్పట్లో. ఒక్కో ఆల్బమ్ కోసం రెండేసి నెలలు ఎదురుచూసేవాణ్ణి. ఒక్క పాట కూడా దాటించి వినేవాణ్ణి కాదు. వరస తప్పితే వాక్యంలో మాట ఎగిరిపోయినట్టుండేది.

ఇవ్వాల్సినవాళ్ళకి ఇచ్చెయ్యి. కాని ఇచ్చేముందు ఒక్క పని చెయ్యి. మెట్ల బొమ్మ అట్ట ఉన్న క్యాసెట్టులో రెండో వైపు మూడో పాట విను. మధ్యలో డ్రమ్ము ఆగిపోతుంది. తర్వాత ముందు గొంతు వస్తుందా, కీబోర్డు వస్తుందా? నా తలలో రెండు రకాలుగానూ తిరుగుతోంది, పదిహేను రోజులుగా నిద్ర పట్టనివ్వడం లేదు. అదొక్కటి చెప్పు చాలు.

నీ తమ్ముడు,
బర్నబాస్


రేపల్లె,
9 ఆగస్టు 1987.

ప్రియమైన బర్నాకి,

కీబోర్డే ముందు. నాలుగుసార్లు విన్నాను, అనుమానం లేదు.

ఎలా ఉందో నాకు తెలిసినట్టు చెబుతాను, నవ్వకు. మొదట మన పక్కింటి శేషారత్నమ్మగారి కుట్టుమిషను తొక్కినట్టు డ్రమ్ము పరుగెడుతుంది. గిటారు ఒక్కో తీగే మోగుతుంది, సెలవురోజు స్కూలు గదిలో పిలిస్తే మన గొంతు మనకే తిరిగొస్తుందే, అలాగ. ఆ తర్వాత ఒక్కసారిగా అంతా ఆగుతుంది. నేను కరెంటు పోయిందనుకుని లేచాను కూడా. అప్పుడు కీబోర్డు చాలా లోపల్నించి, చర్చి హార్మోనియం నీళ్ళలో మునిగి పలికినట్టు వస్తుంది. ఆ పైన అతని గొంతు. వార్తలు చదివినంత నిదానంగా పాడతాడు. మాటలు సగం తెలియలేదు. కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది.

బర్నా, ఇదే పాట నువ్వు వింటుంటే ఎన్నిసార్లు ఆపమన్నానో నేను. నాన్న ఒక్కరే కాదు.

ఆయన వరండాలో పేపరు చదువుతున్నారు. ఆపమనలేదు.

పెట్టె ఎవరికీ ఇవ్వను.

నీ అక్క,
రిబ్కా


బాపట్ల,
2 సెప్టెంబరు 1987.

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం టీ కొట్టు బల్ల మీద చదివాను. నీళ్ళలో మునిగిన హార్మోనియం అన్న చోట పాట మొదలైంది. ఆగకుండా చివరిదాకా వచ్చింది. టీ చల్లారిపోయింది. జనవరిలో చెవులు పోయాక నేను పాట విన్నది ఇదే మొదలు.

నెలకొక పాట రాస్తావా? నీ ఇష్టం వచ్చిన అట్ట తీసుకో.

నాన్న నా గురించి అడుగుతారా?

నీ తమ్ముడు,
బర్నబాస్


రేపల్లె,
19 ఫిబ్రవరి 1989.

ప్రియమైన బర్నాకి,

ఈ నెల నీలం అట్ట, మొదటి వైపు చివరి పాట. ఇది నాకు నచ్చలేదు మొదట. గోడకి మేకు కొట్టినట్టు ఒకే దెబ్బ, ఒకే దెబ్బ. మూడోసారి విన్నాక తెలిసింది, దెబ్బ మారదు గాని దాని చుట్టూ మిగతావి ఒక్కొక్కటే తప్పుకుంటున్నాయి. ముందు గిటారు వెళ్ళిపోతుంది, తర్వాత పాడేవాడు. చివరికి దెబ్బ ఒక్కటే మిగులుతుంది. అందరూ వెళ్ళిపోయిన పెళ్ళిపందిట్లో కుర్చీలు మడిచే చప్పుడులా ఉంది నాకు.

నువ్వు ప్రతి ఉత్తరంలో అడిగేది నాన్న గురించే. అడుగుతారురా. నీ కవరు వస్తే ముందు ఆయన చేతికే ఇవ్వాలి. క్రిస్మస్‌కి వచ్చినప్పుడు నువ్వు ఆయన ఎదురుగా కూర్చోలేదు. ఆయనా నీ వైపు చూడలేదు. మధ్యలో అన్నం పళ్ళెం పట్టుకుని నేను నిలబడ్డాను. పలక మీద రాసి ఇవ్వచ్చు కదా నాన్నా అంటే, "ఏం రాయనే?" అన్నారు. నలభై ఏళ్ళు పిల్లలకి పలక మీద రాయడం నేర్పిన మనిషి.

నీ అక్క,
రిబ్కా


రేపల్లె,
15 జూలై 1990.

ప్రియమైన బర్నాకి,

నువ్వు వెళ్ళాక మేం చర్చి వెనక గదిలోకి మారాం. మన ఇంటి గోడల్లో వంటింటి వైపుది ఒక్కటే నిలబడింది. తుఫాను వచ్చి రెండు నెలలు దాటినా పొలాల్లో ఉప్పు వాసన పోలేదు.

నాన్న సమాధి దగ్గర పాస్టరు అయ్యగారు చెప్పినదంతా నీకు చీటీ మీద రాసి ఇచ్చాను కదా. దావీదు మాస్టారు చర్చి సంఘం రిజిస్టరు కోసం గాలివానలో ఇంట్లోకి వెళ్ళి ప్రాణమిచ్చారని నాన్న గురించి ఊరంతా చెప్పుకుంటున్నారు. అమ్మ ఉదయం లేచి రెండు గ్లాసులు కడుగుతుంది, ఒకటి బోర్లిస్తుంది.

క్యాసెట్లు ఉన్నాయా అని నువ్వు చీటీ మీద అడిగితే తలూపాను గుర్తుందా? అవీ, టేపురికార్డరూ తుఫానుకి ముందే స్కూలు బీరువాలో పెట్టాను. భద్రంగా ఉన్నాయి. నిన్న నీలం అట్ట రెండో వైపు విన్నాను. ఆఖరి పాటలో ఒక ఆడగొంతు వస్తుంది. అతను ఒక చరణం పాడాక ఆమె వేరే గదిలోంచి జవాబు చెప్పినట్టు పాడుతుంది. ఇద్దరూ ఎక్కడా కలవరు. వెనక కీబోర్డు వాన చూరు మీంచి కారినట్టు, తెంపు లేకుండా. ఒకచోట ఆమె ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది.

నువ్వు అన్నం సరిగ్గా తిను.

నీ అక్క,
రిబ్కా


బాపట్ల,
8 ఆగస్టు 1990.

ప్రియమైన అక్కకి,

పాట అందింది. ఇంకా రాయి. అమ్మని అడిగానని చెప్పు.

నీ తమ్ముడు,
బర్నబాస్


బాపట్ల,
3 నవంబరు 1991.

ప్రియమైన అక్కకి,

నీలం అట్టలో ఆడగొంతు లేదక్కా. ఆ ఆల్బమ్ నేను ఎన్ని వందలసార్లు విన్నానో నాకే తెలియదు. పోయినేడు తుఫాను తర్వాత నువ్వు రాసిన ఉత్తరం మూడో పేరా చదవగానే క్యాసెట్లు లేవని తెలిసిపోయింది. ఆ తర్వాత నువ్వు రాసిన పదిహేను పాటల్లో ఒక్కటీ ఏ అట్టలోదీ కాదు.

రెండ్రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. మూడోరోజు అచ్చుపని మధ్యలో ఆ ఆడగొంతు నా తలలో పాడింది. నేను ఎన్నడూ వినని పాట అది. చెవులు పోయాక నాకు కొత్త పాట రాదనుకున్నాను. అందుకే ఊరుకున్నాను. ఇంకా రాయి అన్నాను.

ఇప్పుడు ఊరుకోలేను. పోయిన నెల అమ్మ నన్ను చూడ్డానికి వచ్చింది. మాటల్లో మాటగా, క్యాసెట్లు పోయాయని అక్క ఎందుకు చెప్పలేదు అని అడిగాను. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగింది. వాన నీళ్ళలో పోయిన క్యాసెట్ల కోసం ఎవరూ అలా ఏడవరు.

ఆ రోజు ఏం జరిగింది? చిన్నవాణ్ణి చేసి దాచొద్దు.

నీ తమ్ముడు,
బర్నబాస్


రేపల్లె,
10 నవంబరు 1991.

ప్రియమైన బర్నాకి,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చించాను. ఇది పంపుతున్నాను.

నువ్వు బాపట్ల వెళ్ళాక మొదటి నెల నేను పాట పెడితే నాన్న వరండాలో ఉండేవారు. తర్వాత గడప దగ్గరికి వచ్చారు. ఆ తర్వాత నా మంచం పక్కన కుర్చీ వేసుకున్నారు. నీకు రాయొద్దన్నారు. "వాడికి చెవులున్నన్నాళ్ళూ విననివ్వలేదు నేను. ఇప్పుడు నేను వింటున్నానని తెలిస్తే వాడికి ఎలా ఉంటుందే?" అన్నారు. పెళ్ళిపందిట్లో కుర్చీల మాట ఆయనదే. నేను నాదిగా రాశాను.

తుఫాను రోజు మధ్యాహ్నానికే అందరం చర్చిలో చేరాం. నాలుగింటికి గాలి ముదిరింది. నాన్న చుట్టూ చూసి, "పెట్టె తెచ్చావా?" అన్నారు. ఏ పెట్టె నాన్నా అన్నాను. తెలిసే అన్నాను. మంచం కిందే వదిలేసి వచ్చాను నేను. అమ్మ నగల మూట, బియ్యం, పుస్తకాలు అన్నీ తెచ్చి అదొక్కటీ మరిచిపోయాను.

ఆయన పంచె ఎగగట్టారు. నేను చెయ్యి పట్టుకున్నాను. "నాన్నా, వాడికి అవి వినపడవు కదా" అన్నాను.

"నీకు వినపడతాయి గదే. నువ్వు రాయకపోతే వాడికి ఏముంటుంది?" అన్నారు. చెయ్యి విడిపించుకుని వెళ్ళిపోయారు.

గాలి తగ్గాక తెల్లవారి వెళ్ళాం. మంచం ఉన్న గది గోడ పడింది. పెట్టె ఆయన గుండెల కింద ఉంది, దుప్పటి చుట్టి ఉంది. రేకు అణిగి లోపల అన్నీ పిండైపోయాయి. రిజిస్టరు ఇంట్లో లేనే లేదు, చర్చిలోనే ఉంది. అయ్యగారికీ తెలుసు. నువ్వు రైలు దిగేలోపు అమ్మా నేనూ ఆయనా ఆ రిజిస్టరు మాటే చెప్పాలనుకున్నాం. నీకోసం, నీ పాటల కోసం ఆయన పోయారని తెలిస్తే నువ్వు బతకవని భయపడ్డాం. క్యాసెట్లు పోయాయంటే ఎక్కడ పోయాయంటావు. అందుకే ఉన్నాయన్నాను. ఉన్నాయన్నాక పాట రాయక తప్పింది కాదు.

ఇందులో నీ తప్పు లేదు. పెట్టె మరిచింది నేను. చెయ్యి వదిలింది నేను.

నన్ను తిట్టు, పర్వాలేదు. జవాబు మాత్రం రాయి.

నీ అక్క,
రిబ్కా


బాపట్ల,
5 డిసెంబరు 1991.

ప్రియమైన అక్కకి,

ఆలస్యమైంది. వారంపాటు అక్షరాలన్నీ తప్పుగా పేర్చాను. దశరథరామయ్యగారు నా చేతిలోది తీసి పక్కన పెట్టి, "ఇంటికి వెళ్ళు" అని రాశారు. వెళ్ళలేకపోయాను. నీ మీద కోపం లేదు. ఎవరి మీద ఉందో తెలియలేదు. ఒకరోజు ఆ పాటలన్నిటి మీదా వచ్చింది. అవి పాడినవాళ్ళెవరికీ రేపల్లె అనే ఊరు ఉందనే తెలియదు. వాళ్ళ పాట కోసం ఒక బడి పంతులు గాలిలోకి నడిచాడని తెలియదు.

నాన్న చెయ్యి నువ్వు వదల్లేదక్కా. ఆయన విడిపించుకున్నారు. నువ్వే రాశావు. ఆ వాక్యం నువ్వు మళ్ళీ చదువుకో.

ఆదివారం ప్రార్థన అయ్యాక సూర్యలంక వెళ్ళి సముద్రం ఒడ్డున కూర్చున్నాను. నువ్వు రాసిన మాటలు, "నువ్వు రాయకపోతే వాడికి ఏముంటుంది" అన్నది, ఆయన గొంతులో వినాలనుకున్నాను. ఎంత ప్రయత్నించినా రాలేదు. మాటలు వస్తున్నాయి, అచ్చు వేసిన కాగితంలా. గొంతు లేదు. దయ్యాల గోల అన్న అరుపు కూడా లేదు. పెదవులు కదలడమే ఉంది. ఆ ఆల్బమ్‌లన్నీ ఏ డ్రమ్ము దెబ్బ తర్వాత ఏది వస్తుందో సహా నా తలలో ఉన్నాయి. నాన్న గొంతు లేదు. ఎప్పుడు పోయిందో కూడా తెలియలేదు. ఆయన పోయినప్పటికంటే ఎక్కువ ఏడ్చాను అక్కడ.

పాటలు చాలు. ఇక నాన్న గొంతు రాయి. హాజరు పట్టీ చదివేటప్పుడు ఎలా ఉండేది, అమ్మని పిలిచినప్పుడు ఎలా ఉండేది, కోపం వస్తే ఎక్కడ చీలేది. పాట విని ఆయన ఏమనేవారో, ఎలా అనేవారో. ఇందులో మాత్రం ఏదీ కల్పించకు. గుర్తు లేని చోట గుర్తు లేదని రాయి. అమ్మని పక్కన కూర్చోబెట్టుకో, నీకు తెలియనివి తనకి తెలిసి ఉంటాయి.

శనివారం తెనాలిలో బండి మారి సాయంత్రానికి వస్తాను. సగమే రాసి ఉన్నా సరే, స్టేషనుకి తీసుకురా. బండి దిగగానే చదువుతాను.

నీ తమ్ముడు,
బర్నబాస్