పదహారు డిగ్రీల శపథం

మార్చి 3, సోమవారం. 1వ రోజు

ఉదయం 6.00: లేచాను. ఎవరూ లేపకుండా లేచాను! భావితరాల కోసం నమోదు చేస్తున్నాను.

ఈ డైరీ ఎందుకంటే, ఈ దేశంలో దిగి మూడు రోజులైంది. బయల్దేరేటప్పుడు విమానాశ్రయంలో అందరి ముందూ అక్క అన్న మాట ఇంకా చెవుల్లోనే ఉంది.

"వీడా? వారం తిరక్కుండా అక్కడ మనవాళ్ళెక్కడున్నారో వాసన పట్టి, వాళ్ళింట్లో కంచం ముందు కూర్చుంటాడు. ఆ మాత్రం దానికి విమానమెందుకు? మా ఇంటికి ఆటోలో రావచ్చుగా!"

రక్తం ఉడికింది. ట్రాలీ మీద చెయ్యి వేసి శపథం చేశాను. నలభై రోజులు ఇక్కడి తెలుగువాళ్ళెవరితోనూ ఒక్క తెలుగు ముక్క మాట్లాడను. గెలిస్తే అక్క జన్మలో నన్ను "చంటోడా" అనకూడదు. ఓడితే ఉద్యోగం వదిలేసి వెళ్ళి బావ టైల్స్ షాపులో కూర్చోవాలి. బావ అప్పుడే కుర్చీ కొన్నాడట. గుండ్రంగా తిరిగేదట.

నియమాలు:
1. మనవాళ్ళు కనబడితే నేను మనవాణ్ణి కాను.
2. స్నేహితులంతా ఈ దేశంవాళ్ళే. కనీసం అయిదుగురు.
3. ఇంటికి ఫోను చేస్తే లెక్కలోకి రాదు. (అమ్మ ఒప్పుకోదు.)

ఉదయం 8.10: తొలి పరీక్ష! నాది నాలుగో అంతస్తు. లిఫ్టులో అప్పటికే పైనుంచి దిగుతున్న దంపతులున్నారు. ఆవిడ నన్ను కిందికీ పైకీ చూసి నవ్వింది. "ఏం బాబూ, మనవాళ్ళేనా?"

భుజాలు ఎగరేసి, ముక్కుతో "సారీ?" అన్నాను.

"కాదటండీ," అంది ఆవిడ భర్తతో. "మొహం చూస్తే అచ్చం మనవాడే."

"మొహానికేముందే, అందరికీ ఉంటుంది," అన్నాడాయన.

నవ్వు తన్నుకొచ్చింది. మింగేశాను. శపథం భద్రం. ఆవిడకు లిఫ్టు పిన్ని అనీ, ఆయనకు బాబాయ్ అనీ పేర్లు పెట్టాను. డైరీలో పిలవడం మాట్లాడటం కిందికి రాదు.

మార్చి 4, మంగళవారం. 2వ రోజు

8.10: మళ్ళీ వాళ్ళే. నాకు తెలుగు రాదనుకుని నా ఎదుటే నా గురించి మాట్లాడుకుంటున్నారు!

పిన్ని: "నిన్నటి చొక్కానే వేశాడు చూడండి. పాపం, ఒక్కటే ఉందేమో."

బాబాయ్: "ఉతుక్కుంటాడులే."

పిన్ని: "ఉతికిన చొక్కాలా ఉందా అది?"

అయ్యా, ఇది నేను పనిచేసే ఏసీల కంపెనీ వాళ్ళిచ్చిన యూనిఫారం. ఒకేలాంటివి మూడు ఉన్నాయి. మూడూ ఉతికినవే! ఈ మాట గొంతు దాకా వచ్చి, గ్రౌండ్ ఫ్లోర్ దాకా నాతో ప్రయాణించి, రోడ్డెక్కింది.

మార్చి 7, శుక్రవారం. 5వ రోజు

ఈ దేశపు స్నేహితుల సంఖ్య: సున్నా. కానీ ప్రయత్నం జోరుగా సాగుతోంది.

చిక్కేమిటంటే, ఇక్కడి భాషలో నాకొచ్చిన వాక్యాలన్నీ పనిలో నేర్చుకున్నవే. "ఫిల్టర్ ఎప్పుడు కడిగారు?" "గ్యాస్ అయిపోయింది." "నీళ్ళు ఎక్కణ్ణుంచి కారుతున్నాయి?" వీటితోనే లోకాన్ని జయించాలి.

సాయంత్రం 5.30: మంగలి షాపు. మంగలి మంచివాడు, మాటకారి. అరగంట ఏదో కథ చెప్పాడు, మధ్యలో కళ్ళు కూడా తుడుచుకున్నాడు. ఓదార్చాలనిపించింది. నాకు తెలిసిన వాటిలో సందర్భానికి దగ్గరగా ఉన్నదే అన్నాను: "నీళ్ళు ఎక్కణ్ణుంచి కారుతున్నాయి?"

కత్తెర ఆగింది. తర్వాత క్రాఫు చాలా త్వరగా పూర్తయింది. ఒక పక్క మాత్రమే.

మార్చి 10, సోమవారం. 8వ రోజు

8.10, పిన్ని: "అయ్యో, జుట్టు ఎలక కొరికినట్టుందేమిటండీ?"

బాబాయ్: "ఫ్యాషనేమోనే."

పిన్ని: "ఏ దేశంలో?"

పిన్నీ, నేనూ అదే అడుగుతున్నాను.

ఇక నా గది. దిగిన రోజు నుంచీ ఏసీ పనిచెయ్యడం లేదు. నేను ఏసీ ఇంజనీర్ని! ఊళ్ళో వాళ్ళ గదులన్నీ చల్లబరిచి వచ్చి, సాయంత్రం నా గదిలో ఇడ్లీలా ఉడుకుతున్నాను. విప్పి చూద్దామంటే, ఈ బిల్డింగ్ ఏసీల బాధ్యత వేరే కంపెనీది. వాళ్ళ సీలు తెంపితే మా కంపెనీ నా పీక తెంపుతుంది. వాళ్ళ మెకానిక్‌కి రోజూ ఫోను చేస్తున్నాను. రోజూ ఇంగ్లీషులో ఒకటే మాట, "రేపు."

అందుకే కిటికీలన్నీ బార్లా తీసిపెట్టాను. అమ్మకు ఫోనులో సరిగ్గా వినబడదు, కాబట్టి గాలి తగిలే చోట నిలబడి గొంతెత్తి మాట్లాడతాను. "తిన్నానమ్మా! ఒట్టు! తిన్నానంటే నమ్మవేం!"

మార్చి 15, శనివారం. 13వ రోజు

సాయంత్రం 5.00: పైన డాబా మీద మనవాళ్ళు చేరారు. ప్రతి శనివారం చేరతారట. నవ్వులు వినబడుతున్నాయి. ఎవరో ఎవరినో "ఒరేయ్ దున్నపోతా" అని పిలిచారు. ఆహా! ఎంత కమ్మటి మాట! నన్ను దున్నపోతా అని పిలిచి పదిహేను రోజులైంది.

5.20: నియమాలకు చిన్న సవరణ.
4. వినడం మాట్లాడటం కాదు.

5.25: డాబా తలుపు కింది మెట్ల మీద కూర్చున్నాను. వ్యాయామం కోసం. పోపు వాసన వచ్చింది.
5. వాసన చూడటం కూడా కాదు.

5.50: పైన ఎవరో జోకు చెప్పారు. చివరి ముక్క గాలికి కొట్టుకుపోయింది. అందరూ పడీ పడీ నవ్వారు. నేను గోడకు తలానించి, ఆ చివరి ముక్క ఏమై ఉంటుందా అని ఎనిమిది రకాలుగా ఊహించుకున్నాను. ఒక్కదానికీ నవ్వు రాలేదు.

మార్చి 19, బుధవారం. 17వ రోజు

ఈ రోజు నేను వీరుణ్ణి! ఒక పెద్ద ఆఫీసులో మూడు అంతస్తుల ఏసీ ఒక్కసారే చచ్చిపోయింది. ఫోర్‌మన్ చేతులెత్తేశాడు. నేను నాలుగ్గంటలు డాబా మీద ఎండలో వేగి, కాలిపోయిన చిన్న వైరు ఒకటి పట్టుకున్నాను. చల్లగాలి రాగానే అక్కడివాళ్ళంతా చప్పట్లు కొట్టారు. కొట్టి, ఎవరి కుర్చీలోకి వాళ్ళు వెళ్ళిపోయారు.

సాయంత్రం 6.30: గదికి వచ్చాను. చెప్పుకోవాలి. ఎవరికి? అక్క ఎత్తలేదు. అమ్మ ఫోను చార్జింగ్‌లో ఉందట, నాన్న చెప్పి పెట్టేశాడు.

6.45: ఫ్రిజ్‌కి చెప్పాను. మొత్తం కథ, వైరు రంగుతో సహా. అది కూడా చల్లబరిచే జాతిదే కదా, అర్థం చేసుకుంటుందనుకున్నాను. మధ్యలో గుర్రుమని ఊరుకుంది.

మార్చి 22, శనివారం. 20వ రోజు

సగం దారి! అక్క ఓడిపోయేలా ఉంది. నేను గెలిచేలా ఉన్నాను. సంతోషంగా ఉండాలి.

రాజీనామా రాశాను.

కారణాలు వెతకడం నా వల్ల కాలేదు. "వ్యక్తిగతం" అని రాసి కవర్లో పెట్టాను. మేనేజర్ సెలవులో ఉన్నాడు, సోమవారం వస్తాడు.

సాయంత్రం 5.00: అమ్మతో అన్నాను, "సోమవారం ఉత్తరం ఇచ్చేస్తానమ్మా! ఇచ్చేస్తానంటున్నా! ఇంటికొచ్చేస్తా!" పైన డాబా మీద నవ్వులు ఎందుకో ఆగిపోయాయి.

అమ్మ, "వచ్చెయ్ నాన్నా, దానిదేముంది," అంది. తిట్టి ఉంటే బాగుండేది.

అంటే, ఓడితే టైల్స్ షాపు. గెలిచినా టైల్స్ షాపే. ఇలాంటి పందెం కాసినవాణ్ణి షాపులో కూర్చోబెట్టుకుంటే బావ ఏమైపోతాడో!

మార్చి 24, సోమవారం. 22వ రోజు

జరిగింది జరిగినట్టు రాస్తాను.

8.10: జేబులో కవరు. లిఫ్టు. పిన్ని, బాబాయ్. మామూలుగానే చొక్కా సంగతో, జుట్టు సంగతో వస్తుందని సిద్ధంగా ఉన్నాను. రాలేదు. బాబాయ్ పైకప్పు వంక చూస్తూ అన్నాడు:

"ఏమేవ్, ఏసీని పదహారులో పెడితే గది రెండింతలు వేగంగా చల్లబడుతుంది, తెలుసా?"

పళ్ళు బిగించాను. మూడో అంతస్తు.

"అవునండీ, అందరూ అంటుంటారు," అంది పిన్ని.

గోళ్ళు అరచేతిలో దిగాయి. రెండో అంతస్తు.

"పైగా," అన్నాడు బాబాయ్ తాపీగా, "పదహారులో పెడితే కరెంటు కూడా తక్కువ కాలుతుంది."

నా చొక్కాని అన్నారు, ఊరుకున్నాను. నా జుట్టుని అన్నారు, ఊరుకున్నాను. కానీ ఇది! నాలుగేళ్ళ చదువు, రెండేళ్ళ నౌకరీ, ఇన్ని డాబాల మీద తిన్న ఎండ, అన్నీ కలిసి ఒక్కసారి నోట్లోంచి బయటికొచ్చాయి.

"ఎవరండీ బాబాయ్‌గారూ మీకా మాట చెప్పింది! మన బిల్డింగ్‌లో ఉన్న పాత మిషన్లకి ఒకటే వేగమండీ! పదహారులో పెట్టినా, ఇరవై నాలుగులో పెట్టినా గాలి అంతే చల్లగా వస్తుంది! తేడా అల్లా ఎప్పుడు ఆగాలన్నదే! పదహారంటే అది ఆగకుండా కొట్టుకుంటూనే ఉంటుంది, మీరు దుప్పటి కప్పుకుంటారు, మీటరు గిర్రున తిరుగుతుంది! తక్కువట, తక్కువ! ఇటు చూడండి!"

జేబులోంచి కవరు తీశాను. గోడకు ఆనించి, పెన్నుతో గది బొమ్మ గీశాను, మిషన్ గీశాను, బాణాలు గీశాను. లిఫ్టు తలుపు తెరుచుకుంది, వాచ్‌మన్ చూశాడు, తలుపు మూసుకుంది. మళ్ళీ అయిదో అంతస్తుకు వెళ్ళాం. దిగాం. మళ్ళీ వెళ్ళాం. కవరు నిండిపోతే లోపలి కాగితం తీసి, దానికి వెనకా ముందూ కూడా గీశాను.

మూడోసారి దిగుతున్నప్పుడు గమనించాను. పిన్ని చూస్తున్నది బొమ్మని కాదు, బాబాయ్‌ని.

"ఇరవై రెండో రోజు! నలభై దాకా లాగుతాడన్నారుగా? ఓడారు. శనివారం గిన్నెలన్నీ మీరే తోమాలి."

అప్పుడు పడిపోయింది నోరు, పది నిమిషాలు ఆలస్యంగా!

"మీ అమ్మతో నువ్వు మాట్లాడేదంతా మా వంటింట్లోకి వినబడుతుంది నాయనా," అంది పిన్ని. "మీ అక్కతో పందెం, బావ కుర్చీ, అన్నీ. మొదటి రోజు సాయంత్రం నుంచే తెలుసు. నీ చేత ఒక్క మాట అనిపిద్దామని నేను చొక్కాని తిట్టా, జుట్టుని తిట్టా. ఏం రాయివిరా! మొన్న శనివారం ఉత్తరం సంగతి విన్నాక ఇంక సరదా కాదనిపించింది. నీ చొక్కా మీద కంపెనీ పేరుందిగా. అందుకే ఈయనకి పదహారు నేర్పించా."

"అయితే నిజంగానే ఇరవై నాలుగులో పెట్టాలంటావా?" అన్నాడు బాబాయ్. ఆయన నటించడం లేదని అప్పుడు తెలిసింది.

కాగితం తిప్పి చూశాను. "వ్యక్తిగతం" అన్న మాట మీద కంప్రెసర్ కూర్చుని ఉంది. దాన్ని మేనేజర్‌కి ఇవ్వలేను. బాబాయ్ అడిగి తీసుకున్నాడు, ఫ్రిజ్ మీద అంటిస్తాడట.

సాయంత్రం 6.00: అక్కకు ఫోను.

"ఓడిపోయానక్కా."

"ఎవరితో మాట్లాడావ్?"

"పై ఇంటి పిన్నితో."

"ఏం పెట్టింది?"

"చారన్నం."

"ఎన్నిసార్లు వేసుకున్నావ్?"

"మూడు."

అటునుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది. జలుబట. "బావ కుర్చీ ఎప్పుడో వేరేవాళ్ళకిచ్చేశాడు. వచ్చినా నిలబడాలి. అక్కడే తగలడు, చంటోడా!"

ఓడిపోవడం ఇంత బాగుంటుందని ముందే తెలిస్తే మొదటి రోజే ఓడేవాణ్ణి.

మార్చి 29, శనివారం

డాబా మీదికి తలుపు తోసుకుని వెళ్ళాను! "దున్నపోతా" అనిపించుకున్నది ఎవరో తెలిసింది: మా బిల్డింగ్ ఏసీల మెకానిక్! రోజూ ఇంగ్లీషులో "రేపు" అన్న మహానుభావుడు.

"అన్నా, మీరు తెలుగా?" అన్నాను.

"మరి నువ్వో?" అన్నాడు. "నీ ఏసీ పది నిమిషాల పని తమ్ముడూ. బాగుచేస్తే కిటికీలు మూసుకుంటావు. కిటికీలు మూసుకుంటే మాకు నీ కబుర్లెలా?"

బాబాయ్ గిన్నెలు తోముతూ అందరికంటే గట్టిగా నవ్వాడు.

మార్చి 31, సోమవారం

8.10: పిన్ని, బాబాయ్, నేను. మూడో అంతస్తులో ఒకమ్మాయి ఎక్కింది. నిన్ననే దిగిందట. చేతిలో సంచీ, దాని మీద నవ్వుతున్న పన్ను బొమ్మ. పళ్ళ డాక్టరన్నమాట.

"ఏమ్మా, మనవాళ్ళేనా?" అంది పిన్ని.

ఆ అమ్మాయి భుజాలు ఎగరేసింది. ముక్కుతో, "సారీ?" అంది.

ఆ "సారీ" నాది! ఎక్కడ విన్నా గుర్తుపడతాను.

సాయంత్రం 6.00: మా గదిలో అత్యవసర సమావేశం. కిటికీలు మూసి, ఏసీ ఇరవై నాలుగులో పెట్టి. కింది అంతస్తులో ఆ పిల్ల ఫోనులో వాళ్ళ నాన్నతో పోట్లాడటం నా చెవులతో విన్నానని సాక్ష్యం చెప్పాను. "ఒక్కదాన్నే ఉండగలను నాన్నా! ఎవ్వరూ అక్కర్లేదు!" అంది, ఫోను పెట్టేశాక ముక్కు ఎగబీల్చింది.

తీర్మానం: రేపటి నుంచి నేను మళ్ళీ తెలుగు రాని వాణ్ణి. తనంతట తాను నోరు విప్పేదాకా ఒక్క ముక్క మాట్లాడను. నలభై రోజులైనా సరే. ఈసారి ఖాయం! ఈసారి నా మీద నాకు పూర్తి నమ్మకముంది!

బాబాయ్ తన వాక్యం బట్టీ పడుతున్నాడు: "పళ్ళు ఎంత గట్టిగా రుద్దితే అంత గట్టిపడతాయి."

రేపు 8.10. 1వ రోజు.