పులి మెడలో గరాటు

చిరంజీవి లావణ్యకు, మావయ్య ఢిల్లేశ్వరరావు దీవించి రాసేది.

ఫోన్లో నువ్వు చెప్పేది నా చెవులకి వినపడదు కాబట్టి జీడిపిక్కల ఆటోలో ఈ ఉత్తరం పంపుతున్నాను. పలాసలో నువ్వు పనిచేసే పశువుల ఆసుపత్రి డాక్టరమ్మ వేసిన కుట్లని మన కుక్క పులి నాకి నాకి ఊడదీసేలా ఉంది. జీడితోటలో ఎలుగుబంటి మీదపడితే మీ అత్త బొడ్డమ్మని కాపాడబోయి చీల్చుకున్న కాలు అది! మీ అత్తేమో, "నాకనీయండి, కుక్కకి దాని నాలికే మందు" అంటోంది. నాకు నమ్మకం లేక, నూర్పుల్లో ఎడ్ల మూతికి కట్టే చిక్కం తెచ్చి దాని మూతికి బిగించాను. నాకడం ఆగింది.

ఇట్లు, మీ మావయ్య.

తా.క.: మొరగడం కూడా ఆగింది. వీధి వీధంతా నన్ను మెచ్చుకుంటోంది.

*

మావయ్యకు నమస్కారాలు.

ముందు ఆ చిక్కం ఊడదీసి, తర్వాత ఈ ఉత్తరం చదువు! కుక్క నోరు తెరిచి రొప్పితేనే దాని ఒళ్ళు చల్లబడుతుంది. ఈ ఎండలో మూతి కట్టేస్తే ప్రాణానికే ముప్పు. మెడకి తొడగడానికి ప్లాస్టిక్ గరాటు పంపుతున్నాను. అంచు దాని ముక్కు దాటి ఉండాలి. నిద్రపోయినా తియ్యొద్దు. నాకితే పుండు చీము పడుతుంది. కుట్లు ఊడితే కాలే తీసెయ్యాల్సి రావచ్చని డాక్టరమ్మ అన్నారు.

నీ మేనకోడలు, లావణ్య.

తా.క.: అత్త జాలిపడి గరాటు తీసిందో, పులి మూడు కాళ్ళతో తిరుగుతుందని చెప్పు.

*

లావణ్యమ్మకు,

గరాటు తొడిగాం. పలకరించడానికి నందిగాం నుంచి వచ్చిన మీ అత్త చెల్లెలు ధనలక్ష్మి, "ఏటి బావా, కుక్కకి మైకు కట్టినావు?" అంది. నవ్వులాటకేం గానీ, ఈవేళ చూస్తే కట్టు తడిసి ఉంది, ఒక కుట్టు ఊడింది. గరాటు మెడలోనే ఉంది! ఒళ్ళు మండి, "దొంగెదవా, కాలు పోగొట్టుకుంటావా?" అని తిట్టి, దానికి పెట్టే పెరుగన్నం మానేశాను. ఏ పాపం ఎరగనట్టు గరాటులోంచి చూస్తోంది.

దిగులుతో, మీ మావయ్య.

తా.క.: సదుపాయానికి లోటేం లేదు. చల్లగా ఉంటుందని పశువుల సాలలోనే కడుతున్నాను.

*

మావయ్యా,

గరాటు ఉండగా వెనక కాలు దానికి అందనే అందదు. ఎవరో తీసి, మళ్ళీ పెడుతున్నారు. ఎవరో నేను వేరే చెప్పాలా? చాటున కూర్చుని కనిపెట్టు.

లావణ్య.

తా.క.: ఈ ఉత్తరం అత్త కంట పడనీయకు.

*

అమ్మా లావణ్యా,

నీ ఉత్తరం మీ అత్తే ముందు చదివింది. "నా పేనం కాసిన కుక్క కాలు నానే పోగొడతానా?" అని ఏడ్చి, నాతో మాటా, కూరలో ఉప్పూ మానేసింది.

నాలుగు రోజుల కిందట మధ్యాహ్నం సాలలో గడ్డిమోపు చాటున కూర్చున్నాను. పులి గరాటుతో బుద్ధిగా పడుకుంది. ఇంతలో మన ఆవు మెడ చాచి, కట్టు పక్కకి నెట్టి, పులి కాలు నాకడం మొదలెట్టింది! ఈమధ్యనే దాని దూడ చచ్చిపోయింది కదమ్మా. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ గరాటులో నా మొహం కూడా దూర్చి, తప్పయిపోయిందని పులికి చెప్పుకున్నాను. పెరుగన్నం పెట్టాను. మీ అత్తకి ఆవు సంగతి చెప్పాను గానీ, తప్పయిందని చెప్పుకోవడానికే ధైర్యం చాల్లేదు.

పులిని వసారాలోకి మార్చాం. పుండు ఆరుతోంది, కాలికి భయం లేదు. కానీ ఆవు ఒకటే అరుపు, గడ్డి ముట్టదు. చివరికి మీ అత్త వెళ్ళి దాని పక్కన కూర్చుని, "నా సెయ్యి నాకవే తల్లీ" అని చెయ్యి చాపింది. అప్పుడు మేత తింది.

ఉంటాను, మీ మావయ్య.

తా.క.: ఆవు నాలిక గరుకు. అత్త చెయ్యి కందిపోయింది, అయినా రోజూ వెళ్ళి కూర్చుంటోంది. పూతమందు పంపు. మాన్పించమని మాత్రం రాయకు.